పాతిక కిలోమీటర్ల అవతల రక్తం

కమలాపురం బస్టాండు దగ్గర మందులంగడి పెట్టుకున్న ఒక మేనల్లుడికీ, ప్రభుత్వ రక్తనిధిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరయిన అతని మేనమామకూ నడిచిన వాదన ఇది. మేనల్లుడి ఫోనులో రక్తదాతల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. ఎర్రగుంట్ల నాపరాళ్ల గనుల్లో ప్రమాదం జరిగినా, పల్లెలో కాన్పు కష్టమైనా, కడప నుంచో ప్రొద్దుటూరు నుంచో ముందు ఆ ఫోనుకే పిలుపొస్తుంది. మామ ఆ గ్రూపులో లేడు. చేర్చినా బయటికి వచ్చేశాడు.

జాతీయ రక్త విధానం అనే కాగితం 2002 ఏప్రిల్‌లో ఢిల్లీలో వెలువడింది. ప్రజలకు సురక్షితమైన రక్తం, చాలినంత రక్తం అందిస్తామని అది చెబుతుంది. ఈ రెండింటిలో మామ మొదటిదాన్ని పట్టుకున్నాడు, అల్లుడు రెండోదాన్ని. వాదనలో దొర్లిన తిట్లు నేను తీసేశాను. తిట్లు పోయినందువల్ల వాదన బలం కాస్త తగ్గిందని ఒప్పుకోవాలి.

అల్లుడు: రాత్రి కడపకు పోయొచ్చినా మామా. పక్కపల్లె పిల్ల, తొలికాన్పు. ఒళ్లంతా సున్నం కొట్టినట్టు పాలిపోయింది. రెండు యూనిట్లు కావాల అన్న్యారు. మొగుడు బేల్దారి పనోడు. మనుషుల్ని పిల్చకరా, వాళ్లిస్తే నీకిస్తాం అన్న్యారంట. వాని తరఫున వచ్చినోళ్లలో తాగినోడొకడు, కామెర్లు మొన్ననే తగ్గినోడొకడు. కడాకు మనోళ్లను బండ్ల మీద ఎక్కించుకోని పోయి ఇప్పించినా. తెల్లారి నాలుగైంది ఇల్లు చేరేసరికి. ఇదేనా మీ జాతీయ విధానం?

మామ: ఆ విధానంలో ఏం రాసుందో చదివినావా? బంధువుల దగ్గర బదులు రక్తం తీసుకునే పద్ధతిని గడువు పెట్టుకోని ఎత్తేయాల అని రాసుండారు. తనంతట తాను వచ్చి, ఎవరికి పోతాదో తెలీకుండా, లెక్క తీసుకోకుండా ఇచ్చేవాని రక్తమే రక్తం అని రాసుండారు.

అల్లుడు: రాసిండేది సరే. ఎత్తేసినారా? ఇరవై ఏండ్లు దాటిపాయ.

మామ: ఎత్తేయలేదు. దానికి నేను సమాధానం చెప్పలేను. కానీ అంతకుముందు ఏముండెనో నువ్వు చూడలేదు కాబట్టి మాట్లాడ్తాండావు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆసుపత్రి గేటు బయట చెట్టు కింద కొందరు ఎప్పుడూ కూచోని ఉండేవాళ్లు. పేర్లతో సహా మాకు తెలుసు. వాళ్లకు అదే బతుకుతెరువు. ఈ ఆసుపత్రిలో పొద్దున ఇచ్చి, ఇంగో ఊర్లో వారం లోపల మళ్లీ ఇచ్చేవాళ్లు. మా బల్ల మీద నీలంగా కాపర్ సల్ఫేటు నీళ్లు ఉండేవి. దాని సాంద్రత 1.053 ఉండేట్టు కలిపేది. వేలికొన గుచ్చి చుక్క వేస్తే అది కిందికి మునగాల. మునిగితే హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉన్నట్టు, తేలితే లేనట్టు. ఆ చెట్టు కిందోళ్ల చుక్క ఎప్పుడేసినా పైనే తిరుగుతాండేది. వానికి ఎక్కియ్యాల్సిన రక్తాన్ని వాని దగ్గర తీసుకునేది ఎట్లా చెప్పు? తీసుకున్నోళ్లు ఉండారు.

అల్లుడు: అది పాత కత.

మామ: పాత కత కాదు, కోర్టు కత. 1990లో కేంద్రం ఫెర్గూసన్ అనే కంపెనీతో లెక్కలు తీయిస్తే దేశంలో 1,018 రక్తనిధులు తేలినాయి. అందులో 616 వాటికి లైసెన్సే లేదు. అప్పుడప్పుడే హెచ్‌ఐవీ పరీక్షలు మొదలైన కాలం. హెచ్.డి. శౌరి నడిపే కామన్ కాజ్ అనే సంస్థ సుప్రీంకోర్టుకు పోయింది. 1996 జనవరి 4న తీర్పొచ్చింది. లైసెన్సు లేకుండా రక్తనిధి నడపకూడదు. జాతీయ రక్తమార్పిడి మండలి పెట్టాల, రాష్ట్రానికొక మండలి ఉండాల. రక్తం అమ్ముకునే పద్ధతి రెండేండ్లలో అంతం కావాల. 1998 జనవరి 1 నుంచి అమ్మకం బందు. చెట్టు కింద నీడ ఖాళీ అయింది.

అల్లుడు: ఖాళీ కాలేదు మామా. చెట్టు కింద నుంచి లేచి గోడ ఎనకకు పోయినారు. బదులు రక్తం కావాలంటారు గదా, దిక్కులేనోడు ఏం చేస్తాడు? ఎవనికో రెండు మూడు వేలిచ్చి, మా చిన్నాయన కొడుకు అని ఫారంలో రాయిస్తాడు. మీవోళ్లకు తెలీదా? తెలుసు. ఆధార్ కార్డు చూస్తారు, చుట్టరికానికి కార్డు ఉండదు గదా. అంటే అమ్మకం ఆగలేదు, పరీక్షకు దొరకని చోటికి పోయింది. దాన్నే ఎదురుగా పెట్టి, రేటు కట్టి, గట్టిగా పరీక్ష చేసి తీసుకుంటే ఏం పోయె? జర్మనీలో కొన్ని కేంద్రాలు రక్తమిచ్చినోని చేతిలో రొంత లెక్క పెడ్తాయంట. అమెరికాలో ప్లాస్మా ఇచ్చినోళ్లకు డబ్బులిస్తారు. లోకంలో ప్లాస్మాతో చేసే మందుల్లో సగానికి పైన ఆ ప్లాస్మాతోనే వస్తాండాయి. మన పిల్లోనికి హిమోఫీలియా వస్తే ఎక్కించే మందు కూడా ఎవడో అమ్ముకున్నదే అయ్యుండొచ్చు. అది మాత్రం పుణ్యమా?

(ఈ మాటకు మామ దగ్గర జవాబు వెంటనే రాలేదు. ఈ దేశపు రక్త విధానాన్ని సమర్థించే వాళ్లలో చాలామందికి ఇక్కడ నోరు పడిపోతుంది.)

మామ: ప్లాస్మాను మందుగా చేసేటప్పుడు వేడి చేస్తారు, రసాయనాలు కలుపుతారు, వైరస్ చచ్చేదానికి నాలుగు మెట్లు ఉంటాయి. నేరుగా ఎక్కించే ఎర్రకణాలకు ఆ మెట్లు లేవు. సంచి నుంచి నరానికి పోతాది. అందుకే ఇచ్చేవాడు నిజం చెప్పాల. మనం అయిదు పరీక్షలు చేస్తాం – హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా. ఎంత మంచి ఎలైజా కిట్టు పెట్టినా, జబ్బు తగులుకున్న మొదటి రోజుల్లో అది పట్టుకోదు. న్యాట్ అనే పరీక్ష ఆ రోజుల్ని తగ్గిస్తాది గానీ పూర్తిగా తీసేయదు. పైగా దాన్ని అందరూ చేయాల్సిందే అని మన దేశంలో నిబంధన లేదు. ఆ మిగిలిన సందు పూడ్చేది కిట్టు కాదు, ఫారంలో ప్రశ్నకు దాత చెప్పే జవాబు. 'ఈ మధ్య ఏమైనా జబ్బు చేసిందా, సూదులు వేయించుకున్నావా, కొత్త ఆడమనిషి దగ్గరికి పోయినావా' అని అడిగితే, రక్తం ఇస్తే మూడు వేలు వచ్చే మనిషి 'పోయినా' అంటాడా? రిచర్డ్ టిట్మస్ అని ఇంగ్లండ్ ఆయన 1970లోనే ఈ మాట పుస్తకం రాసి చెప్పినాడు.

అల్లుడు: నేనూ చదివినా. 2013లో సైన్స్ పత్రికలో ఆర్థికవేత్తలు రాసిండేది. చిన్న చిన్న బహుమానాలు పెడితే దాతలు పెరిగినారు, రక్తం చెడిపోలేదు అని శానా చోట్ల పరీక్షించి తేల్చినారు.

మామ: టీ షర్టు, కొనుక్కునేదానికి కూపను. అవి తీసుకున్నోడు అది లేకున్నా రాత్రికి తింటాడు. నువ్వు మాట్లాడ్తాండేది ఎర్రగుంట్ల నాపరాయి గనిలో కూలి దొరకని వారం గురించి. ఆ వారంలో మూడు వేలంటే వాడు ఎవుర్ని అడిగి ఇస్తాడు? మూడు నెల్లు గడవకుండానే వేరే ఊర్లో వేరే పేరుతో ఇస్తాడు. నా కాపర్ సల్ఫేటు గ్లాసు మళ్లా బల్ల మీదకు వస్తాది.

అల్లుడు: అట్లయితే కూలి పోయిన మాటేంది? కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి రక్తం ఇస్తే ఆ రోజు ప్రత్యేక సెలవు, జీతం కోత లేదు. బేల్దారి పనోడు రక్తం ఇస్తే ఆ రోజు కూలి గాలికి పోతాది. కడపకు పోయొచ్చే చార్జీ వాని జేబులోదే. జీతగానికి సెలవిచ్చేది సాయం, కూలోనికి ఆ రోజు కూలిచ్చేది అమ్మకం. ఈ లెక్క నాకు ఎక్కదు.

మామ: ...అది మాత్రం నిజమే. పోయిన కూలి, బస్సు చార్జీ వరకైతే నేను కాదనను. కానీ ఎవని చేత్తో ఇస్తావు? రోగి మొగుడు ఇస్తే అది అమ్మకమే. రక్తనిధే అందరికీ ఒకే మాదిరి, గ్రూపు చూడకుండా, ఆత్రం చూడకుండా ఇస్తే వేరే మాట.

అల్లుడు: ఒప్పుకున్న్యావు.

మామ: కూలి వరకే. రేటుకు కాదు.

(తేడా ఎక్కడుందో మామ చెప్పిన తీరు నాకు సరిగ్గానే ఉందనిపించింది. కానీ రక్తనిధి ఆ లెక్క ఎక్కడి నుంచి తెస్తుందన్నది ఆయన చెప్పలేదు. రక్తానికి ఖరీదు లేదు గానీ దాన్ని సేకరించి, పరీక్షించి, విడగొట్టి, దాచేదానికి ఉంది. ఆ ఖర్చుగా ఒక యూనిట్ ఎర్రకణాలకు ప్రభుత్వ కేంద్రాల్లో 1,100, ప్రైవేటులో 1,550 రూపాయల వరకు తీసుకోవచ్చని 2022లో కేంద్రం పరిమితి పెట్టింది. ఇచ్చేవాడికి సున్నా, తీసుకునేవాడికి పదిహేను వందల యాభై. 'రక్తం అమ్మకూడదంటారే' అని అంగట్లో జనం అల్లుణ్ణి అడిగే ప్రశ్న పుట్టేది ఇక్కడే. తలసీమియా, హిమోఫీలియా, సికిల్‌సెల్ రోగులకు ఉచితంగా ఇవ్వాలనీ నిబంధన ఉంది. అది తెలిసినవాళ్లు తక్కువ.)

అల్లుడు: సరే, లెక్క మాట పక్కన పెడదాం. సాత్తూరు సంగతి తెలుసు గదా నీకు. 2018 డిసెంబరు. తమిళనాడులో విరుదునగర్ జిల్లా. కడుపుతో ఉన్న ఆమెకు సర్కారు ఆసుపత్రిలో హెచ్‌ఐవీ ఉన్న రక్తం ఎక్కించినారు. ఆ రక్తం ఎవుడూ అమ్మలేదు. ఇచ్చింది పందొమ్మిదేండ్ల పిల్లోడు. చుట్టాలామె కోసం ఇచ్చినాడు. ఆమెకు అవసరం పడలేదు, ఇంగొకామెకు పోయింది. నీ టిట్మస్ లెక్క ప్రకారం అది దానమే.

మామ: దానం కాదు. చుట్టాలు పిలిస్తే కాదనలేక పోవడం అది. నేను చెప్పేది అదే. బదులు రక్తంలో బలవంతం ఉంటాది. ఇంట్లోవాళ్లు, ఊరోళ్లు చూస్తాంటే వెనక్కి పోలేడు. ఫారంలో 'నా రక్తం వాడొద్దు' అని గుట్టుగా రాసే అవకాశం ఉండాలని అందుకే అంటాం.

అల్లుడు: ఆగు మామా, మిగతాది కూడా చెప్పు. ఆ పిల్లోడు 2016లోనే ఒక క్యాంపులో రక్తం ఇచ్చినాడు. అప్పుడే జబ్బు ఉన్నట్టు పరీక్షలో తేలింది. వానికి ఆ సంగతి చేరలేదు. వాడు వేరే దేశం పోయేదానికి పరీక్ష చేయించుకుంటే బయటపడింది. వానంతట వాడే పరిగెత్తి ఆసుపత్రికి చెప్పినాడు. అప్పటికే ఎక్కించేసినారు. ఆ పిల్లోడు తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడు. ఇప్పుడు చెప్పు. ఇక్కడ చెడిపోయింది మనిషా? లెక్కా? కిట్టు కనిపెట్టింది, కాగితం దాన్ని దాచింది. రక్తం అమ్మినోణ్ణి పట్టుకునేదానికి చట్టం ఉంది. చెప్పాల్సిన మాట చెప్పని ఆఫీసును పట్టుకునేదానికి ఏముంది?

(మామ కాసేపు మాట్లాడలేదు. టీ తాగిన గ్లాసును పక్కకు జరిపాడు. ఆయన ఉద్యోగ జీవితంలో పాజిటివ్ వచ్చిన దాతను పిలిపించి, కౌన్సెలింగ్ కేంద్రానికి పంపి, వాడు పోయాడా లేదా అని కనుక్కోవడం కూడా పనిలో భాగమే. ఆ పని చేసేందుకు ఒక మనిషి ఉండాలి. ఆ మనిషి పోస్టు ఖాళీగా ఉంటే అందరూ మంచివాళ్లే అయినా మాట చేరదు.)

మామ: ఇరవై ఆరు పేజీల రిజిష్టరు ఉన్నా పిలిచే మనిషి లేకుంటే అంతే. విధానం రాసినారు, దానికి మనుషుల్ని పెట్టలేదు. ఒకచోట పనికిరాడన్న దాత ఇంగొకచోట ఇవ్వకుండా ఆపేదానికి అందరి లెక్కలూ ఒక కంప్యూటరులో ఉండాల. 2016లో ఈ-రక్తకోశ్ అని పెట్టినారు. ఎక్కడ ఏ గ్రూపు ఎన్ని యూనిట్లు ఉన్నాయో అందులో చూడొచ్చు.

అల్లుడు: చూసినా. దాంట్లో ఉంది అని చూపిస్తాది, ఫోన్ చేస్తే లేదంటారు. సరే, ఇది వదిలేయ్. ఇంగొకటి అడుగుతా. మన పక్క ఊర్లలో వెనకటి డాక్టర్లు ఏం చేసేవాళ్లు? అన్న పడుకుంటాడు, చెల్లెలు పడుకుంటాది. గ్రూపు చూసి, క్రాస్‌మ్యాచ్ చేసి, ఇక్కడ తీసి అక్కడ ఎక్కించేవాళ్లు. ఎన్ని ప్రాణాలు నిలబడలేదు అట్లా? నీ 1996 తీర్పుతో, దాని ఎనక వచ్చిన నియమాలతో అది నేరమైపాయ. రక్తం మందు అంట, 1940 నాటి ఔషధాల చట్టం కిందికి వస్తాదంట, లైసెన్సు లేకుండా తీయకూడదంట. కానీ సరిహద్దు దగ్గర సైన్యం డాక్టర్లు అట్లా చేయొచ్చని మినహాయింపు ఇచ్చినారు. పల్లెటూరి సర్జన్ల సంఘం మాకూ ఇయ్యండని ఎప్పటి నుంచో మొత్తుకుంటాంది. సైనికుని ప్రాణానికి ఉండే ఆత్రం కాన్పులో ఉండే ఆడదానికి లేదా?

మామ: సైన్యంలో దాతకు ఏడాదికొకసారి ఒళ్లంతా పరీక్ష చేస్తారు. క్రమశిక్షణ ఉంటాది.

అల్లుడు: జవాబు అది కాదు.

మామ: కాదు. చూడబ్బీ, ఎదురుగా రక్తం కారిపోతాంటే, కడప దాకా పోయే టైము లేకుంటే, పక్కన అన్న ఉంటే, ర్యాపిడ్ కిట్టుతో చూసి నేనైతే ఎక్కిస్తా. ఎక్కించక ఏం చేస్తా? కానీ దాన్ని చట్టంగా రాసిస్తే రేపు ప్రతి నర్సింగు హోమూ అదే చేస్తాది. రక్తనిధి నుంచి తెప్పించే కష్టం ఎందుకు, బయట మనిషి ఉన్నాడుగా అంటాది. బయట మనిషంటే ఎవరు? చెట్టు కింద మనిషే.

అల్లుడు: అంటే నువ్వు చేస్తావు, డాక్టరు చేస్తే కేసు పెట్టమంటావు.

మామ: ...

(ఇక్కడ ఎవరు గెలిచారని పాఠకుడు అడిగితే అల్లుడనే చెబుతాను. కానీ గెలిచిన వాదనంతా మంచి చట్టం కాదు.)

మామ: దానికి వేరే దారి ఉంది. కొత్తది కూడా కాదు. 2001 చివర్లోనే నియమం మార్చినారు. రక్త నిల్వ కేంద్రం. ఇక్కడ రక్తం తీయరు, పరీక్షలు చేయరు. కడపలోని లైసెన్సున్న రక్తనిధి అన్ని పరీక్షలూ చేసిన సంచులు పంపిస్తాది. ఇక్కడ సామాజిక ఆరోగ్య కేంద్రం మాదిరి ఆసుపత్రిలో దాచిపెట్టి, క్రాస్‌మ్యాచ్ చేసి ఎక్కిస్తారు. ఏడాదికి రెండు వేల యూనిట్ల లోపల వాడే చోటికి పెద్ద లైసెన్సు అక్కర్లేదు, అనుమతి చాలు. కావాల్సిందేంది? రెండు నుంచి ఆరు డిగ్రీల్లో నిలబడే ఫ్రిజ్, కరెంటు పోతే జనరేటరు, శిక్షణ ఉన్న టెక్నీషియను, బాధ్యత తీసుకునే డాక్టరు. అంతే. కడపకు పాతిక కిలోమీటర్లు మనిషి పోయేది కాదు, సంచి ముందే వచ్చి కూచునేది. ప్రతి ఊర్లో రక్తనిధి పెట్టాలనేది పిచ్చి. ప్రతి కాన్పు ఆసుపత్రిలో నాలుగు ఓ పాజిటివ్, రెండు ఓ నెగటివ్ ఉండాలనేది పిచ్చి కాదు.

అల్లుడు: ఆ ఫ్రిజ్‌లో వాడకుండా గడువు దాటితే? ఎవరి మీద రాస్తారు? అందుకే ఎవరూ తెప్పించరు. తెప్పిస్తే నష్టం లెక్క వాని మెడకు, తెప్పించకుంటే రోగిని 108 ఎక్కించి కడపకు పంపితే చాలు, వాని చేతికి మరక అంటదు. ఆ అమ్మాయిని కూడా అట్లే పంపిండేది.

మామ: గడువు తీరకముందే, పది రోజులుండంగనే వెనక్కి పంపి కొత్తవి తెచ్చుకోవాల. అది తిప్పుడు పని. తిప్పే మనిషిని పెట్టాల.

అల్లుడు: మళ్లా మనిషి దగ్గరికే వచ్చినావు. అన్నింటికీ మనిషి లేడు, ఫ్రిజ్ ఉంది. లేకుంటే ఫ్రిజ్ లేదు, మనిషి ఉండాడు. ఇంతలో మేమే గదా తిరిగేది. మా వాళ్లు ఏడాదికి ఎన్ని క్యాంపులు పెడ్తాండారో నీకు తెలుసా? చిరంజీవి 1998లో హైదరాబాదులో రక్తనిధి పెట్టినప్పటి నుంచి మన ఊర్ల పిల్లోళ్లకు సూది భయం పోయింది. ఆ మాటైనా ఒప్పుకో. మా నాయన తరానికి రక్తం ఇస్తే పనికి చేతకాకుండా పోతాం అనే భయం. ఇప్పుడు సినిమా హీరో పుట్టినరోజుకు వరస కడతారు.

మామ: అది పెద్ద పని, కాదనను. ఏ ప్రభుత్వ ప్రకటనా అంత మందిని తేలేదు. కానీ మీ పుట్టినరోజు క్యాంపే నాకు తలనొప్పి. ఒకే రోజు వందలమంది. ఫొటో తీయాల, బ్యానరు కనపడాల. ఎర్రకణాలు ముప్పై అయిదు రోజులు నిలుస్తాయి. అందులో కలిపే ద్రావణం బట్టి నలభై రెండు. ప్లేట్‌లెట్లయితే అయిదే రోజులు, అదీ గది వేడిలో ఊగుతా ఉండాల. ఒక రోజు అన్ని సంచులు వస్తే నెలన్నర తర్వాత పారబోయాల్సిందే. 2017లో సమాచార హక్కు కింద అడిగితే తేలింది: అంతకుముందు అయిదేండ్లలో దేశంలో 28 లక్షల యూనిట్లకు పైగా పారబోసినారు. రక్తం లేదని జనం ఏడ్చే దేశంలో! అదే ఏప్రిల్, మే వచ్చేసరికి కాలేజీలు మూస్తారు, మన ఎండకు ఎవుడూ బయటికి రాడు, ఫ్రిజ్‌లో గాలి తప్ప ఏమీ ఉండదు. యాక్సిడెంట్లు ఎండాకాలం ఆగుతాయా? కాన్పులు ఆగుతాయా?

అల్లుడు: అయితే క్యాంపు పెట్టొద్దంటావా?

మామ: తేదీలు నేను చెప్తా అంటాండా. నల్లలింగాయపల్లె సిమెంటు ఫ్యాక్టరీ ఒక నెల, ముద్దనూరు దగ్గర థర్మల్ ప్లాంటు ఒక నెల, కాలేజీ పరీక్షలకు ముందు ఒకటి, దర్గా ఉరుసుకు జనం వచ్చినప్పుడు ఒకటి. వచ్చిన మనిషి మళ్లా మూడు నెల్లకు వస్తాడా అనేది చూడాల. మొదటిసారి ఇచ్చినోని కంటే పదోసారి ఇచ్చేవాని రక్తం నాకు నిశ్చింత. తొమ్మిదిసార్లు పరీక్ష చేసిన మనిషి వాడు. మీకు బ్యానరు మీద కొత్త మొహాలు కావాల, నాకు పాత మొహాలు కావాల. శ్రీలంక చూడు. అక్కడ జాతీయ రక్త సేవ ఒకటే. 2014 నుంచి వంద శాతం స్వచ్ఛంద దాతలే. మన దగ్గర లైసెన్సున్న కేంద్రాలు నాలుగు వేలు. ఎవని కుండ వానిది.

అల్లుడు: శ్రీలంక ఎంత, మనం ఎంత? మన దేశానికి ఏడాదికి 1.46 కోట్ల యూనిట్లు కావాలని, 10 లక్షలు తగ్గుతాండాయని 2022లో ఒక అధ్యయనం వచ్చింది. ఇది కూడా సగటు లెక్క. హైదరాబాదులో మిగుల్తాది, మన దగ్గర తగ్గుతాది.

మామ: ఆ కావాల్సిన లెక్కలోనే నాకు అనుమానం. రాత్రి ఆ పిల్లకు రెండు యూనిట్లు ఎందుకు పడినాయి?

అల్లుడు: రక్తం పోయింది.

మామ: ఎంత పోయింది అని అడగలేదు నువ్వు. వచ్చేసరికే ఎంత ఉంది అని అడగాల. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 2019 నుంచి 21 దాకా చేసిన దాంట్లో, మన రాష్ట్రంలో పదహైదు నుంచి నలభై తొమ్మిదేండ్ల ఆడోళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఏడో నెలలో హిమోగ్లోబిన్ ఏడు ఉన్న పిల్ల కాన్పుకు వస్తే, మామూలుగా పోయే రక్తం పోయినా ఆమెకు ప్రమాదమే. పన్నెండుతో వచ్చిన ఆమె అదే రక్తం పోగొట్టుకోని లేచి సంగటి తింటాది. క్యాంపుకు వచ్చిన ఆడపిల్లల్ని మనం ఎందుకు వెనక్కి పంపుతాండాం? పన్నెండున్నర లేదు కాబట్టి. అంటే ఒక్క రక్తహీనతే ఇచ్చే చేతుల్ని తగ్గిస్తాంది, అడిగే చేతుల్ని పెంచుతాంది. దీనికి మందు నీ అంగట్లోనే ఉంది. మాత్ర రూపాయి కూడా కాదు. కడుపులో తిప్పుతాదని ఆ మాత్రలు ఇంటి ఎనక పారేస్తాంటే, ఐరన్ ఇంజెక్షను సెలైన్‌లో ఎక్కించేది కూడా ఉంది. విధానమంటే రక్తం పోగు చేసేదొక్కటే కాదు, అడగాల్సిన పని లేకుండా చేసేది కూడా.

అల్లుడు: ఇది మాత్రం నువ్వు వాదన తప్పించుకోని పోయేది మామా. హిమోగ్లోబిన్ పదమూడు ఉన్న ఆమెకు కూడా కాన్పయినాక గర్భసంచి బిగుసుకోకుంటే అర గంటలో లీటరు పోతాది. లారీ కింద పడినోనికి ఐరన్ మాత్ర ఏం చేస్తాది? డెంగీ వచ్చినోనికి ప్లేట్‌లెట్లు పడిపోతే సంగటి పెడతావా? నువ్వు రేపటి ఆడపిల్ల గురించి చెప్తాండావు. నా ఫోను ఈ రాత్రి మోగుతాది.

మామ: మోగుతాది. రేపటి పని ఈరోజు చేయలేదు కాబట్టే.

అల్లుడు: అదీ నిజమే అనుకో. ఇప్పుడేం చేద్దాం?

మామ: అర్జీ రాద్దాం. నిల్వ కేంద్రం కావాలని, దానికి టెక్నీషియను పోస్టు కావాలని. కడప రక్తనిధి వారం వారం సంచులు మార్చాలని. బదులు మనిషిని తెమ్మని ఎవరూ అడగకూడదని. గర్భిణులకు ఏడో నెలలో పరీక్ష చేసి తొమ్మిది లోపల ఉంటే ఇంజెక్షను వేయాలని. నేను రాసిస్తా, నువ్వు ఊర్లో సంతకాలు పెట్టించు.

అల్లుడు: అందులో ఇంగొకటి రాయి. రక్తం ఇచ్చిన కూలోనికి ఆ రోజు కూలి రక్తనిధే ఇయ్యాల.

మామ: అది రాస్తే మిగతావన్నీ చెత్తబుట్టకు పోతాయి. రక్తం అమ్ముకునేదానికి అర్జీ పెట్టినారు అంటారు.

అల్లుడు: నువ్వే ఒప్పుకున్న్యావు ఇందాక.

మామ: నీ ముందర ఒప్పుకున్న్యా. కలెక్టరు ముందర కాదు.

అల్లుడు: అయితే నా గ్రూపులోవాళ్లు ఒక్కరూ సంతకం పెట్టరు. రాత్రి బండి మీద వచ్చినోళ్లలో ఒకడు ఈరోజు పనికి పోలేదు. ఇంట్లో వాళ్లమ్మ నన్ను తిడ్తాంది.

మామ: చార్జీ అని రాస్తా. కూలి అని రాయను.

అల్లుడు: చార్జీ నలభై రూపాయలు మామా.